నమూనా తీసేశాక: ఒక అంగన్‌వాడీ కేంద్రంలో ఆరు నెలల అనుభవం

పిల్లలు చూసి చేయాలని నేను ముందే చేసి పెట్టే నమూనాలను తీసేశాక మా అంగన్‌వాడీలో ఏం జరిగిందో టీచర్‌గా ఇక్కడ రాస్తున్నాను. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. కేంద్రం అంటే ఒకటే గది, ముందు రేకుల వరండా, వెనక వేపచెట్టు, పక్కనే చేతిపంపు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు రిజిస్టర్‌లో 22 మంది. రోజూ వచ్చేది 14 నుంచి 17 మంది. నేను, ఆయమ్మ ఇద్దరం ఉంటాం. ఊళ్లో చాలా ఇళ్లలో మగవాళ్లు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, ఆడవాళ్లు బీడీలు చేస్తారు. ఈ రెండు సంగతులూ ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా వీటి చుట్టూనే తిరిగింది.

పిల్లల పేర్లు రాయడం లేదు. ఈ అనుభవంలో ముఖ్యమైన పిల్లవాణ్ణి మేమంతా బుడ్డోడనే పిలుస్తాం. ఇక్కడా అలాగే పిలుస్తాను.

జూన్‌లో మా గోడ

బుడ్డోడు చేరినప్పుడు వాడికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. నాయినమ్మ చెయ్యి పట్టుకుని వచ్చేవాడు. ఆమె వెళ్లగానే గోడకు ఆనుకుని, రెండు పిడికిళ్లూ బిగించి కూర్చునేవాడు. ఏడుపు లేదు, మాట లేదు. బ్లాకులు ముందు పెడితే చూసేవాడు, ముట్టుకునేవాడు కాదు. మూడు వారాలు ఇలాగే గడిచాయి. వినికిడి లోపమేమో అన్న అనుమానంతో వాళ్లమ్మను అడిగాను. "ఇంట్ల నోరు మూయడు టీచరమ్మా, మా అత్త చెవులు తింటడు" అంది.

అప్పుడు మా గదిలో కార్యక్రమాలు లేక కాదు. రోజూ ఏదో ఒకటి చేయించేదాన్ని. మామిడికాయ బొమ్మ గీసి, ఒకటి నేనే రంగులేసి గోడకు అంటించి, "ఇట్లనే వెయ్యాలె" అని చెప్పేదాన్ని. పిల్లలు వేసేవాళ్లు. చెయ్యి వణికే చిన్నవాళ్లకు వెనక నుంచి చెయ్యి పట్టి వేయించేదాన్ని. సాయంత్రానికి గోడ మీద పదహారు మామిడికాయలు, అన్నీ ఒకే ఆకుపచ్చ. ఫోటో తీసి గ్రూపులో పెడితే మెచ్చుకున్నారు. నాకూ గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే అందులో నా చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, పిల్లల చేతులు పదహారూ కనిపించవు.

ఆరేళ్ల లోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. శిక్షణకు పోయిన ప్రతిసారీ ఈ మాట వింటాం. విన్నప్పుడల్లా నాకు భయమే వేసేది. ఇంత విలువైన వయసు కాబట్టి ఎక్కువ నేర్పాలి, వేగంగా నేర్పాలి అనుకునేదాన్ని. నా పొరపాటు అక్కడే మొదలైంది.

"గట్ల గాదు"

జూలై మొదటి వారంలో ఓ రోజు ముసురు పట్టింది. పిల్లలు తొమ్మిది మందే వచ్చారు. ఆయమ్మ వాళ్లింట్లో పెళ్లికి విస్తర్లు కుట్టగా మిగిలిన మోదుగ ఆకులు ఒక కట్ట వరండాలో పడి ఉన్నాయి. నేను గుడ్ల లెక్క రాసుకుంటున్నాను. తలెత్తి చూస్తే బుడ్డోడు గోడ దగ్గర లేడు. ఆకుల కట్ట ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

ఒక ఆకు తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు. ఈనె ఉన్న చోట గోరుతో గీరాడు. తొడపై పెట్టి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటితో ఒక కొస నుంచి చుట్టుకుంటూ పోయాడు. చుట్ట వదులైతే విప్పి మళ్లీ చుట్టాడు. చివర మూతిని గోటితో లోపలికి మడిచాడు. అచ్చం వాళ్లమ్మ తునికాకును చుట్టినట్టే. ఇరవై రోజులుగా తెరుచుకోని పిడికిళ్లు అవే.

నోటిదాకా వచ్చిన "శెభాష్" అన్న మాటను ఎందుకో ఆపుకున్నాను. పోయి పక్కన కూర్చుని నేనూ ఒక ఆకు చుట్టబోయాను. నాకు రాలేదు. ఆకు చిరిగింది. వాడు నా చేతి వైపు కాసేపు చూసి, "గట్ల గాదు" అన్నాడు. కేంద్రంలో వాడు అన్న మొదటి మాట అది. తర్వాత నా చేతిలోని ఆకు తీసుకుని, ఈనె వైపు తిప్పి, మళ్లీ నా చేతికిచ్చాడు. ఆకును ఈనెకు అడ్డంగా చుడితే చిరుగుతుంది, ఈనె వెంట చుడితే నిలుస్తుంది. నలభై ఏళ్ల నాకు నాలుగేళ్ల వాడు చెప్పిన పాఠం ఇది.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి కూడా ఉంది. బీడీ చుట్టడాన్ని నేను బడిలో ఆటగా మార్చలేను, మార్చకూడదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాను. తంబాకు చాట పక్కనే బుడ్డోడి బొంత ఉంది. ఆ దుమ్ము పిల్లవాడి ఛాతీకి మంచిది కాదని చెప్పాను. "యాడ కూసోబెట్టాలె టీచరమ్మా, ఉన్నదొక్కటే అర్ర" అంది వాళ్లమ్మ. ఆమె మాటలో అబద్ధం లేదు. చివరికి నాయినమ్మ వాణ్ణి పగలు వరండాలో ఉంచేటట్టు, పని అయ్యాక గది తడిబట్టతో తుడిచేటట్టు ఒప్పుకున్నారు. సమస్య పూర్తిగా తీరిందని చెప్పలేను.

ఆ రాత్రి ఒకటి అర్థమైంది. వాడికి చేతకాక కూర్చోలేదు. నేను ముందు పెట్టిన వాటిలో వాడి చేతికి తెలిసినది ఒక్కటీ లేదు. పైగా ప్రతిదానికీ పక్కనే నా నమూనా ఉంది. అది చూశాక ఏ పిల్లవాడికైనా మిగిలేది రెండే: దానిలా చేయడం, లేదా చేయలేకపోవడం.

మార్చింది కొంచెమే

మరుసటి సోమవారం గోడ మీది మామిడికాయలన్నీ తీసేశాను. నమూనా చేసి చూపించడం మానేశాను. పొద్దున పదింటి నుంచి ముప్పావు గంట ఎవరినీ లేపొద్దు, పిలవొద్దు, వరసలో కూర్చోబెట్టొద్దు అని ఆయమ్మతో అనుకున్నాను. వస్తువులను పిల్లల చేతికందే ఎత్తులో గంపల్లో పెట్టాం: మోదుగ ఆకులు, మొక్కజొన్న బెండ్లు, కొబ్బరి చిప్పలు, గుడ్డ పీలికలు, ఖాళీ డబ్బాలు, గరాటు. అన్నింటికన్నా ముఖ్యంగా ఒక తొట్టిలో కుమ్మరి తాత ఇచ్చిన చెరువు మట్టి. తాత దాన్ని తొక్కి, రాళ్లూ నత్తగుల్లలూ ఏరి ఇచ్చాడు. నేరుగా చెరువు నుంచి తెచ్చి ఇవ్వొద్దని నా సలహా, అందులో గాజు ముక్కలుంటాయి.

ఇక చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. పిల్లలు అడిగే ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే, తారీఖుతో రాయాలి. జవాబు రాయకూడదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా బాలమందిరం అనే చిన్నపిల్లల బడి తెరిచింది పిల్లల చేతికి, ఆటకు చోటివ్వడానికే. 2022లో వచ్చిన జాతీయ పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల) పాఠ్యప్రణాళిక చట్రం ఆటనూ బొమ్మలనూ మధ్యలో పెట్టింది. మాకు 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతో పాటు చదువూ) అనే అంగన్‌వాడీ శిక్షణలోనూ ఇదే చెప్పారు. తెలియక కాదు, ఆ ముప్పావు గంట నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఎవరూ చెప్పకపోవడం వల్లే నేను ఇన్నేళ్లూ చేయలేకపోయాను. మొదటి వారం నా చేతులు ఊరుకోలేదు. ఒక పాప డబ్బా మూత తలకిందులుగా పెడుతుంటే తీసి సరిగ్గా పెట్టేశాను. ఆ పాప డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత నా చేతికి పని ఉండాలని కూర గిన్నె పక్కన పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టాను. అది బాగా పనిచేసింది.

మట్టి విమానం

మట్టితో మొదటి పది రోజులు అందరూ చేసినవి అవే: ఉండ, పాము, రొట్టె. తర్వాత ఎడ్లు వచ్చాయి, పొయ్యి వచ్చింది, ఒక పాప వాళ్ల మేక పొదుగు చేసింది. బుడ్డోడు ఆగస్టు రెండో వారంలో ఒక లావు పాము చేసి, దానికి రెండు పక్కలా రొట్టెలు అతికించాడు. "ఏందిరా ఇది?" అని అడిగింది పక్క పిల్ల. "ఇమానం. మా నాయిన పొయింది."

ఎండలో పెట్టి ఇంటికి పోయారు. తెల్లారి వచ్చేసరికి రెక్కలు రెండూ విరిగి పడి ఉన్నాయి. వాడు ఏడుస్తాడనుకున్నాను. ముక్క ఎత్తి విరిగిన అంచు చూసి, వేలితో తడిమి, "ఎందుకు ఇరిగింది?" అన్నాడు. నోటుబుక్కులో వాడి మొదటి ప్రశ్న. తారీఖు పక్కన చుక్క పెట్టుకున్నాను.

జవాబు నాకు తెలుసు. మట్టి ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. పలచని రెక్క ముందు ఎండుతుంది, లావు ఒళ్లు తర్వాత ఎండుతుంది. రెండూ ఒక్క తీరుగా ముడుచుకోవు కాబట్టి కలిసే చోట పగులుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. "నువ్వేమనుకుంటున్నవ్?" అని మాత్రం అడిగాను. "ఎండ కొట్టింది" అన్నాడు.

రెండో విమానాన్ని నీడలో, వరండా మూలన పెట్టాడు. ఒక రెక్క నిలిచింది, ఒకటి పగిలింది. మూడోదానికి రెక్కలు లావుగా చేశాడు. అది పగల్లేదు గానీ, "ఇది ఎగురదు, బరువున్నది" అని వాడే పక్కన పెట్టేశాడు. ఇక్కడ నేను ఒక పని చేశాను. జవాబు చెప్పలేదు, జవాబు తెలిసిన మనిషి దగ్గరికి తీసుకుపోయాను. కుమ్మరి తాత ఇల్లు మాకు నాలుగిళ్ల అవతల. ఏడుగురు పిల్లలతో పోయాం. బుడ్డోడు తాతకు విరిగిన రెక్క చూపించాడు. తాత నవ్వలేదు. రెక్కను వేళ్ల మధ్య నలిపి చూసి, "ఒట్టి మన్ను వెట్టినవ్ బిడ్డా. గింత ఊక గలుపు" అన్నాడు. మట్టిలో ఊక కలిస్తే అది పట్టి ఉంచుతుంది, పగుళ్లు తగ్గుతాయి.

నాలుగో విమానానికి ఊక కలిపాడు. ఎక్కువైంది, మట్టి ముద్ద కట్టలేదు. అయిదోదానికి తగ్గించాడు. నీడలో పెట్టాడు. మూడు రోజులు రోజూ వచ్చి ముట్టుకోకుండా వంగి చూసి పోయాడు. నిలిచింది.

ఆ శుక్రవారం వాళ్లమ్మ ఫోనులో తండ్రికి వీడియో కాల్ చేసినప్పుడు విమానం చూపించాడట. "నాయినా, ముందుగాల ఇరిగింది, ఊక గలిపిన" అని మొత్తం కథ చెప్పాడట. తెల్లారి వాళ్లమ్మ నాకు ఈ మాట చెప్పేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా రికార్డు ఫారంలో 'భాషా వికాసం' కింద ఒక టిక్కు పెట్టే గడి ఉంటుంది. ఆ మాటను ఆ గడిలో ఎలా పట్టించాలో నాకు తోచలేదు, వెనక పేజీలో పూర్తిగా రాసి పెట్టాను.

గుడ్డు తేలుతుందా

పిల్లలకు మధ్యాహ్నం అన్నంతో గుడ్డు ఉంటుంది. సెప్టెంబర్‌లో ఒక పాప, ఉడకబెట్టబోయే గుడ్డు నీళ్లలో వేస్తే మునగడం చూసి, "చెరువుల ఏస్తే గూడ మునుగుతదా?" అంది. అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఒకడు "పెద్ద నీళ్లల్ల తేలుతది" అన్నాడు. తొట్టిలో నీళ్లు నింపి చూశారు, మునిగింది. మరొకడు ఉప్పు వేద్దామన్నాడు. ఎందుకని అడిగితే "కూరల ఏస్తరు గద" అన్నాడు. కారణం తప్పే, ప్రయోగం మాత్రం అద్భుతం. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, గుడ్డు వేసి, ఒక్కో చిన్న చెంచా ఉప్పు వేస్తూ కలిపారు, అందరూ లెక్కపెట్టారు. నాలుగు చెంచాలకు ఏమీ కాలేదు. అయిదు దాటాక గుడ్డు అడుగు నుంచి లేచి కదిలింది. ఆ అరుపుకు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు అంకెలు నేర్పాలని నేను అనుకోనే లేదు. అయిదు దాకా కూడా లెక్క రాని ఇద్దరు ఆ రోజు ఏడు దాకా తప్పకుండా చెప్పారు.

సరిగ్గా జరగనివి

ఒకటి నా తప్పు, పూర్తిగా నాదే. ఆగస్టులో గింజల గంప పెట్టాను: చింతగింజలు, శనగలు, సీతాఫలం గింజలు. అక్కతో వచ్చిన రెండున్నరేళ్ల పిల్లవాడు శనగ గింజ ముక్కులో పెట్టుకున్నాడు. నేను చూసేసరికి తుమ్ముతూ ఏడుస్తున్నాడు. వేలు పెట్టి తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, ఆలస్యమైతే గింజ తడికి ఉబ్బుతుంది. ఏమీ ముట్టుకోకుండా ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం, డాక్టర్ తీసేశారు. ఆ తల్లి ముందు నిలబడ్డ అరగంట నాకు జీవితాంతం గుర్తుంటుంది. అప్పటి నుంచి ఇంచుంపావు పైపు ముక్క ఒకటి గోడకు వేలాడదీశాం. అందులోంచి జారిపోయే వస్తువేదీ మూడేళ్ల లోపు వాళ్లు ఉన్నప్పుడు బయటికి రాదు. గింజలు పెద్ద పిల్లలకే, నేను పక్కన కూర్చున్నప్పుడే. ఈ వ్యాసంలో ఒక్క విషయమే పట్టుకుపోతానంటే ఆ పైపు ముక్కను పట్టుకుపొండి.

రెండోది, నమూనా తీసేయడం అందరికీ పడలేదు. అయిదేళ్ల పాప ఒకతి, మామిడికాయలు గీత దాటకుండా వేసిన పిల్ల, ఖాళీ కాగితం చూసి ఏడ్చింది. "ఏం వెయ్యాలె, చెప్పు టీచర్" అని కొంగు పట్టుకుని వదల్లేదు. రెండు వారాలు నేను పట్టుదలకు పోయి ఏమీ చెప్పలేదు. అది మంచితనం కాదు, మొండితనం. ఆ పిల్లకు ఒక క్రమం కావాలి, అది దొరికితే ధైర్యం వస్తుంది. బతుకమ్మ పండుగకు అది తేలింది. పిల్లలంతా తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలు తెచ్చారు. తాంబాళంలో గుమ్మడాకు పరిచి ఊరుకున్నాను. ఈ పిల్ల ముందుకొచ్చి తంగేడు వరుస పెట్టింది, పైన గునుగు, మళ్లీ తంగేడు. ఇంకో పిల్ల మధ్యలో బంతి పెట్టబోతే "ఇప్పుడు గాదు, గునుగు అయినంక" అని ఆపింది. పూలు అయిపోయినప్పుడు గునుగు బదులు ఏం పెట్టాలో తనే ఆలోచించి, గడ్డి పూలు తెచ్చి రంగు కలిపింది. ఏటా ఇంట్లో చూసే క్రమమే ఆమెకు ఊతం. అప్పటి నుంచి ఆమె ముందు ఖాళీ కాగితం పెట్టను. ఒక ఆకో, రెక్కో, వెదురు పుల్లల వరుసో పెడతాను.

తల్లుల నుంచి వచ్చిన గొడవ కూడా ఉంది. "బట్టలన్నీ బురద. ఏబీసీడీలు ఎప్పుడు చెప్తరు?" ఇద్దరు పిల్లలు పక్క ఊరి ప్రైవేటు బడి వ్యాను ఎక్కారు. వాళ్లను తప్పుపట్టను. భర్త ఎడారిలో పంపిన డబ్బు పిల్లల చదువుకే అనుకున్న తల్లికి యూనిఫారం, టై కనిపిస్తాయి, మట్టిలో చదువు కనిపించదు. అక్టోబర్‌లో ఈసీసీఈ డే (చిన్నపిల్లల చదువు గురించి తల్లులతో కేంద్రంలో జరిపే రోజు) నాడు ఉపన్యాసం మానేసి తల్లులకే మట్టి ఇచ్చాను. ముందు సిగ్గుపడ్డారు, తర్వాత పొయ్యిలు, తులసి గద్దెలు చేశారు. అప్పుడు వాళ్ల వేళ్లనే చూడమన్నాను. మట్టిని చిదిమే ఆ మూడు వేళ్లే రేపు పెన్సిల్ పట్టుకునేవి. ఆ వేళ్లలో బలం లేని పిల్లవాడికి అక్షరాలు దిద్దించడమంటే పత్తి కట్టె మీద బస్తా పెట్టడమే. బీడీలు చేసే ఆడవాళ్లకు వేళ్ల పనితనం గురించి నేను ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. వ్యానెక్కిన ఇద్దరూ తిరిగి రాలేదు. వెళ్లాలనుకున్న మరొకరు మాత్రం ఆగారు.

నోటుబుక్కు చెప్పేది

జూలై రెండో వారంలో ప్రశ్నలు నాలుగు. అందులో మూడు "ఒంటికి పోవాల్నా?" లాంటివి. నవంబర్ చివరి వారంలో 29. పిల్లలు నాలుగున్నర నెలలు పెద్దయ్యారు, నాకు అలవాటు పడ్డారు, నా చెవి కూడా వినడం నేర్చుకుంది. కాబట్టి తేడా అంతా మట్టి వల్లేనని అనను. బుడ్డోడు నేనేమీ చేయకపోయినా దసరా నాటికి మాట్లాడేవాడేమో. కానీ ప్రశ్నల తీరు మారింది, అది నాకు అంకె కంటే ముఖ్యం. మొదట్లో "ఇదేంది?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "గట్ల జేస్తే ఏమయితది?" అంటున్నారు. మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. రెండోదానికి వాళ్లే చేసి చూడాలి.

డిసెంబర్ మొదటి వారంలో బుడ్డోడు పాత విమానం ముక్క ఒకటి నీళ్ల డబ్బాలో వేశాడు. అది కరిగి మెత్తబడింది. పక్కనే చేతిపంపు కింద పగిలిన కుండ పెంకు ఒకటి ఎన్నాళ్ల నుంచో నీళ్లలో ఉంది. దాన్ని తీసి గోటితో గీకి చూశాడు, రెండు చేతుల్లో రెండూ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"టీచర్, ఇది మన్నే, అది మన్నే. ఇది నీళ్లల్ల కరిగింది, అదెందుకు కరుగలే?"

రాసుకున్నాను. సంక్రాంతి తర్వాత కుమ్మరి తాత ఆవం (కుండలు కాల్చే బట్టీ) పెడతానన్నాడు. మంటకు దూరంగా తాడు కట్టి, తల్లులను ఇద్దరు ముగ్గురిని తోడు పిలిచి, పిల్లలను తీసుకుపోతాం. బుడ్డోడు అందులో కాల్చడానికి ఆరో విమానం చేస్తున్నాడు, రెక్కల్లో ఊక ఎంత వేయాలో వాడికిప్పుడు తెలుసు.